కీ బిగిసే చోటు

నరసింగరావు వాచీ వెనక మూత బిగించి, దాన్ని తిరగేసి ఎడమ అరచేతిలో పెట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కీ మీద ఆనించాడు. ఆనినట్టు కంటికి కనబడింది గాని వేళ్లకు తెలియలేదు.

షుగరు వల్ల ఏడాదిగా వేళ్ల కొనలు మొద్దుబారాయి. గరివిడి స్టేషను రోడ్డులో రిపేరు కొట్టు పెట్టినప్పటినుంచి వాచీలు తప్ప ఇంకో పని ఎరగడు. స్క్రూలకు కంటి అద్దం చాలు. కీ ఇవ్వడానికి కన్ను పనికిరాదు. స్ప్రింగు నిండిందని వేళ్లే చెప్పాలి, అక్కడ ఆగాలి. కిందటి నెల తన సొంత వాచీకి కీ ఇస్తూనే పోయాడు. లోపల ఠప్పుమంది. బాధేమీ కలగలేదు. విరిగిన స్ప్రింగు చూసి, వాచీని సొరుగులో పడేశాడు.

ఇప్పుడు చేతిలో ఉన్నది డ్రిల్లు టీచరు అరుణశ్రీది. వాళ్ల నాన్న మిలటరీ నుంచి వచ్చాక ఊరి కుర్రాళ్లను పరుగెత్తించి, ఈ వాచీకున్న బటన్లు నొక్కే పరుగు టైము కొలిచేవాడు. ఇప్పుడు ఆయన లేడు. దీని స్ప్రింగు విరిగితే ఇంకోటి దొరకదు.

ఆమె రానే వచ్చింది.

"ఏటి మావయ్యా, వారమన్నావు, నెలైపోనాది. నా పిల్లలు నీకన్నా బేగి పరిగెడతారు."

"వాచీకి కాళ్లున్నాయేటమ్మా, పారిపోడానికి? కూకో."

నాలుగు చుట్లు తిప్పి ఇచ్చేస్తే ఇంటిదాకా నడుస్తుంది. కాని పూర్తిగా కీ ఎక్కుతుందో లేదో చూడకుండా ఏ వాచీనీ అతను కొట్టు దాటించలేదు. బల్ల మీద దాన్ని ఆమె వైపు జరిపాడు.

"కీ నువ్వే ఇయ్యి."

"నాకు రాదు. నాన్న ముట్టుకోనిచ్చేవోడు కాదు."

"నా వేళ్లు సచ్చిపోనాయమ్మా. నాకు తెలీదు, నీకు తెలుస్తాది. ముందుకు తిప్పు. బిగుసుకున్నట్టుంటే ఆపీ."

ఆమె నవ్వబోయి, అతని ముఖం చూసి మానేసింది. మెల్లగా తిప్పింది. అతను ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

"ఆగినాది. ఇంకొంచెం తిరుగుతాదేటో..."

"వద్దు. ఆగినాదంటే ఆగినాదే. ఇప్పుడు పై బటన్ నొక్కు."

సెకన్ల ముల్లు కదిలింది. మళ్లీ నొక్కితే నిలబడింది.

"ఇప్పుడు కిందది. ముల్లు నడస్తన్నప్పుడు మాత్రం కిందది ముట్టుకోకు. లోపల చక్రాల పళ్లు పోతాయి."

ముల్లు పన్నెండు దగ్గరికి ఒక్క గెంతులో వచ్చింది.

"మరి మిగతా వాచీలకి కీ ఎవులిస్తారు మావయ్యా?"

"ఎవులది ఆలే ఇచ్చుకుంటారు."

వాచీకి కట్టిన పేరు చీటీ తుంచి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వేళ్లు మూసుకోవడం కళ్లతో చూశాకే వదిలాడు.