బానెట్ మీది కలశం

నేను కెమిస్ట్రీని మొదట మార్కుల కోసం చదివాను, తర్వాత పగతో చదివాను. ఆ పగ ఒకే ఒక్క మనిషి మీద. మార్కాపురంలో కంభం రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న ట్రాక్టర్ మేస్త్రి ఆయన. మా నాయనకు ఒక పేరు తగిలించాడు. ఆ పేరు ఆయన నోటితోనే చెరిపించాలని పంతం పట్టాను.

మాది కొనకనమిట్ల దగ్గర పల్లె. గొర్రెల మీద బతికిన ఇల్లు. నేను తొమ్మిదిలో ఉండగా నాయన సగం మందను అమ్మేసి పాత ట్రాక్టర్ కొన్నాడు. మా వీధిలో అదే మొదటిది. ఆ దసరాకు అమ్మ ట్రాక్టర్‌ని గంటసేపు కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టింది. బానెట్ మీద ఎయిర్ క్లీనర్ తల బోర్లించిన చెంబులా పైకి నిలబడి ఉంటుంది. అమ్మ కంటికి అది అచ్చం కలశంలా కనిపించింది. మా ఇళ్లలో కలశాన్ని ఒట్టిగా ఉంచరు. పెట్టెలోంచి కొత్త రవిక గుడ్డ తీసి, దాని చుట్టూ కప్పి, పసుపు దారంతో గట్టిగా బిగించింది. నాయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. అమ్మవారికి కట్టిన గుడ్డను మనం విప్పకూడదు, దానంతటదే జారిపోవాలి. కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. ఇంజను గాలి పీల్చుకునేది ఆ చెంబు అంచు కిందినుంచేనని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నెల తిరగకముందే దుక్కుల దుమ్మంతా ఆ గుడ్డకు పట్టి గోనెసంచిలా గట్టిపడింది. ట్రాక్టర్ నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. చేలో గొర్రు లాగలేక ఆగిపోయేది. నాయన దాన్ని ఎలాగో మేస్త్రి షెడ్డుకు చేర్చి వచ్చి, మర్నాడు నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. షెడ్డు ముందు పదిమంది రైతులున్నారు. మేస్త్రి ఒక పాత గుడ్డను డీసెల్ ట్యాంకులో ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, అందరికీ వినపడేలా అన్నాడు.

"గొర్రెలు కాసుకునేటోనికి ఇంజనెందుకు? డీసెల్లో కిరసనాయిలు కలిపి తోలినాడు. ఇంజను పోయింది, ఇంక తుక్కే."

నాయన, లేదు మేస్త్రీ అన్నాడు. ఆ మాట ఎవరి చెవినా పడలేదు. ఆ తుక్కును మేస్త్రి బామ్మర్దే తుక్కు ధరకు తీసుకున్నాడు. పదిహేను రోజుల్లో అది పక్క ఊళ్లో చుక్క పొగ లేకుండా దున్నుతుంటే, మేస్త్రి చేతి మహిమ అన్నారు జనం. నాయనకేమో కిరసనాయిలు అనే పేరు మిగిలింది. పెళ్లిళ్లలో, టీ కొట్టు దగ్గర, బస్సులో అదే పేరు. బడిలో నేను కిరసనాయిలు కూతుర్ని. ఇంట్లో మాత్రం ఆ సంగతి ఎవరం ఎత్తేవాళ్లం కాదు. నాయన మిగిలిన గొర్రెల వెంట మళ్లీ కర్ర పట్టుకుని పోయినాడని ఊరు నవ్వింది.

ఇంటర్ మొదటి ఏడాది ల్యాబులో మా మేడమ్ బర్నర్ వెలిగించి, కింద గాలి పోయే రంధ్రం మూసింది. నీలి మంట పసుపుపచ్చగా అయి ఊగింది. దాని మీద తెల్ల పింగాణీ గిన్నె పెడితే అడుగంతా మసి. రంధ్రం తెరవగానే మంట మళ్లీ నీలమైంది, మసి ఆగిపోయింది. మండడమంటే ఇంధనం ఆక్సిజన్‌తో కలవడమేనని చెప్పింది. డీసెల్‌లో ఉన్న కార్బన్‌కు సరిపడా ఆక్సిజన్ దొరికితే కంటికి కనిపించని వాయువై పోతుంది, హైడ్రోజన్ నీటి ఆవిరై పోతుంది. గాలి చాలకపోతే కార్బన్ సగంలోనే ఆగి నల్లటి పొగై బయటికొస్తుంది. డీసెల్ ఇంజనులో నిప్పురవ్వ కూడా ఉండదట. పిస్టన్ గాలిని నొక్కి నొక్కి కాగేలా చేస్తే, అందులోకి తుంపరగా చిమ్మిన డీసెల్ తనంతట తానే అంటుకుంటుంది, ఆ వేడికి ఉబ్బిన వాయువు పిస్టన్‌ని తోస్తుంది. అంటే ఇంజనుకు తిండి ఎంత ముఖ్యమో ఊపిరీ అంతే ముఖ్యం. నేను ఆ గిన్నె అడుగునే చూస్తూ కూర్చున్నాను. కిరసనాయిలు డీసెల్ కంటే పలచన. అది కలిస్తే పొగ అంత నల్లబడదు. అది తెలియని మేస్త్రి ఈ జిల్లాలో ఉండడు.

ఆ ఆదివారం ఇంటికి వెళ్లి అమ్మను అడిగాను, ట్రాక్టర్ ఇచ్చేసే రోజు షెడ్డు దగ్గర చివరి బొట్టు పెట్టినప్పుడు దాని మీద రవిక గుడ్డ ఉందా అని. లేదంది. అమ్మవారే తీసుకుందనుకుందట. విప్పింది మేస్త్రే అయి ఉంటాడు, అంటే పొగ ఎందుకొచ్చిందో ఆయనకు ముందే తెలుసు. అమ్మకు మాత్రం ఆ మాట చెప్పలేదు. పొగకు కారణమైన ఆ గుడ్డ కట్టింది తనేనని ఆమె దిగులు పడడం నాకు ఇష్టం లేదు.

డిగ్రీ అయ్యాక స్నేహితురాళ్లు బీఈడీకి వెళ్తే, నేను మార్కాపురంలో వాహనాల పొగ పరీక్షించే సెంటర్ పెట్టాను. ఆడపిల్లకు ఇదేం పని అని ముక్కున వేలేసుకున్నారు. డీసెల్ బండి ఉన్న ప్రతివాడూ పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం ఎప్పటికైనా రావాలి కదా, అదీ నా లెక్క. నాయన సైలెన్సర్‌లో పైపు పెట్టేవాడు, నేను కంప్యూటర్ చూసేదాన్ని. డ్రైవర్లు నాయనను ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. ఆయన పలికేవాడు కూడా.

మూడో ఏడాది మేస్త్రి వచ్చాడు, పాత డీసెల్ ట్రాలీ ఆటో తోలుకుని. నాయన ఏమీ అనకుండా పైపు పెట్టాడు. బండి పాసైంది. ఫెయిల్ అని కొట్టాలని వేళ్లు దురద పెట్టాయి. కొడితే ఇంకో సెంటర్‌కు పోతాడు. అంత చవగ్గా వదిలే ఉద్దేశం నాకు లేదు. అప్పటికి పదిహేనుమంది డ్రైవర్లు వరసలో ఉన్నారు.

ఒక్క నిమిషం మామా అని, నా చున్నీని నాలుగు మడతలు వేసి ఆటో గాలిపైపు మూతికి బిగించి కట్టాను. యాక్సిలరేటర్ తొక్కమన్నాను. ఏదో పరీక్ష అనుకుని తొక్కాడు. నల్లటి పొగ బుసబుసా లేచింది, డ్రైవర్లు ముక్కులు మూసుకుంటూ దగ్గరికొచ్చారు. ఇంజను గుక్కపట్టి ఆగిపోయింది.

"ఈ బండికేం రోగం మామా? కిరసనాయిలు కలిపినావా?"

ఆయన నా వైపు చూశాడు, తర్వాత నాయన వైపు. గుర్తుపట్టాడు.

"గాలి అందలే," అన్నాడు.

"మా ట్రాక్టర్ మీద రవిక గుడ్డ ఎవరు తీసినారు?"

వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. కదలడానికి దారి లేదు, ముందూ వెనకా బండ్లు.

"నేనే తీసినా. మీ నాయన ఏం కలపలే."

నాకు కడుపు నిండిపోయింది. ఇందులో దాచేదేముంది, అంత సంతోషం నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా లేదు. సర్టిఫికెట్ ఆయన చేతిలో పెట్టి, పోయి మీ షెడ్డు దగ్గర కూడా ఈ మాట చెప్పమన్నాను. ఆ అవసరం రాలేదు, డ్రైవర్లే చెప్పారు. రెండు నెలల్లో షెడ్డు ముందు బండ్లు పలచబడ్డాయి, ఏడాదికి తాళం పడింది. పెద్దమనిషి, పాపం అన్నారు కొందరు. నాకు ఏ కోశానా జాలి పుట్టలేదు. ఇప్పటికీ ఆ తాళం కనిపిస్తే స్కూటీ కాస్త నెమ్మది చేసి చూసి పోతాను.

మేస్త్రి ఒప్పుకున్న ఆ సాయంత్రం నాయనను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని ఊరికి బయలుదేరాను. మెచ్చుకుంటాడని ఎదురుచూస్తున్నాను. ఊరి మలుపు దగ్గర నాయన అన్నాడు.

"ఆ మేస్త్రిని ఇంతమందిలో నిలబెట్టి అడిగినావు. నన్ను ఒక్కసారన్నా అడిగినావా పాపా, కలిపినావా నాయనా అని?"

అడగలేదు. ల్యాబులో ఆ మంట చూసేదాకా మేస్త్రి మాట మీద నాకు అనుమానమే లేదు, దాన్నే నమ్మాను. ఆ రోజుల్లోనే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కిరసనాయిలు ఉందేమోనని నాయన డీసెల్ క్యాన్ మూత తీసి వాసన కూడా చూశాను. ఆ సంగతి నాయనకు ఇప్పటికీ చెప్పలేదు. మేస్త్రి పదిహేనుమంది ముందు ఒప్పుకున్నాడు, నేను ఒక్క మనిషి ముందు ఒప్పుకోలేకపోయాను.