ఇంటాయన పేరు రాసే గడి

మొన్న నర్సు చదువు చదివే ఆడపిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. రోగిని గౌరవించడం, రోగి మాట వినడం, రోగి గుట్టు కాపాడడం అని వాళ్ళ పుస్తకంలో ఒక పాఠం ఉందట. "మీ కాలంల ఎట్లుండె అమ్మమ్మా, జర నాలుగు మాటలు చెప్పుండ్రి" అన్నారు. నాకు ఓపిక లేదన్నాను. చాయ్ తాగించి పంపించాను. ఓపిక లేకపోవడం నిజమే. కానీ ఆ పాఠం పేరు వినగానే నాకు గుర్తొచ్చింది మంచి మాట కాదు, నేను చేసిన ఒక పాడు పని. దాన్ని ఎదురుగా కూర్చున్న పిల్లల ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. రాయడం కొంచెం తేలిక.

నేను పని నేర్చుకున్నది కామారెడ్డిలో. అక్కడ రైలు దిగి, బండ్లు దిగి వచ్చే ఆడవాళ్ళ వెంట ఎవరో ఒక మగమనిషి ఉండేవాడు. ఏం అడిగినా అతనే జవాబు చెప్పేవాడు. మూడేళ్ళ తర్వాత నన్ను ఎల్లారెడ్డికి పంపించారు. అక్కడ దవాఖాన అంటే రెండు గదులు, ముందర ఒక వసారా. ఇప్పుడది లేదు. డాక్టరు గారు వారానికి రెండు రోజులు కామారెడ్డి నుంచి బస్సులో వచ్చేవారు. మిగతా రోజులు నేను, ఒక ముసలి కాంపౌండరు. ఆయన మందులు కలిపేవాడు. చీటీ రాయడం, పుండ్లు కడగడం, కట్లు కట్టడం, సీసాలు ఉడకబెట్టడం, చివరికి వసారా ఊడ్వడం కూడా నా పనే. సాయంత్రానికి కాళ్ళు నావి కాకుండా పోయేవి.

రిజిస్టరులో నాలుగు గళ్ళు ఉండేవి. పేరు, ఇంటాయన పేరు, ఊరు, జబ్బు. ఒకసారి ఒకే ఊరి నుంచి ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె సీసా ఇంకొకామెకు పోయింది. కీళ్ళకు రాసుకునే మందు పాపం ఆమె తాగేసింది. ప్రాణం పోలేదు గానీ, డాక్టరు గారు ఆ రోజు నుంచి గట్టిగా చెప్పారు. రెండో గడి నింపకుండా ఎవరికీ చీటీ ఇవ్వకూడదు.

ఆయనకేం, చెప్పి బస్సెక్కి పోయారు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు చంకలో పిల్లను వేసుకుని ఒంటరిగా నడిచి వచ్చేవాళ్ళు. మొగుని పేరు నోటితో పలకరు. పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని వాళ్ళ నమ్మకం. ఒకామె మొగుని పేరులో బంగారం ఉందని, బంగారాన్ని కూడా 'పచ్చది' అనేది. అడిగితే నవ్వి, కొంగు నోట్లో పెట్టుకుని, పొడుపు కథ వేసేవాళ్ళు. "పుట్టల ఉంటడు, పాలు పోస్తం." "కొండ మీద ఉంటడు, గుండు కొట్టించుకుంటం." నేను విప్పితే తల ఊపేవాళ్ళు. మొదట్లో నాకూ సరదాగానే ఉండేది. మూడో ఏడు వచ్చేసరికి సరదా పోయింది.

ఆ ఎండాకాలం కండ్లకలక ఊరూరా పాకింది. వసారా నిండి, జనం చింత చెట్టు నీడ దాకా కూర్చున్నారు. పొద్దున్నుంచి ఎన్ని కళ్ళు కడిగానో తెలీదు. నా కళ్ళూ మండుతున్నాయి. గొంతు పోయింది. ఆ సమయంలో ఒకామె నా బల్ల ముందుకు వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. భుజాన రెండేళ్ళ ఆడపిల్ల. పిల్ల రెప్పలు వాచి, చీముతో అతుక్కుపోయి ఉన్నాయి. తన పేరు చెప్పింది. నిజాంసాగర్ వైపు ఉన్న తన ఊరి పేరు చెప్పింది.

"ఇంటాయన పేరేంది?"

తల వంచుకుంది. మళ్ళీ అడిగాను.

"పొద్దుగాల్ల లేవంగనే దండం పెడ్తం గద అమ్మా... ఆయన" అంది, నాకు ఒక్కదానికే వినిపించేంత మెల్లగా.

నాకు అర్థం కాలేదని చెబితే అబద్ధం. అర్థమైంది. సూర్యుడి పేర్లు రెండు మూడు ఉన్నాయి, వాటిలో ఏది అని మెల్లగా అడిగితే తల ఊపేది. అంతే పని. కానీ నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఆ గడి మీద, ఆ ఎండ మీద, బస్సెక్కి పోయిన ఆయన మీద. వచ్చిన కోపం మాత్రం ఆమె మీదే పడింది.

"పొడుపు కథలిప్పుకుంట కూసునే తీరిక లేదు నాకు. చెప్తె నోరు పడిపోతదా? చెప్పు, లేకుంటే పక్కకు జరుగు" అని అరిచాను.

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఎవరో, "అసలు ఉన్నడో లేడో" అన్నారు. ఆమె ముఖం మాడిపోయింది. పక్కకు జరిగింది. నేను తర్వాతి మనిషిని పిలిచాను. మధ్యాహ్నం జనం పలచబడ్డాక చెట్టు కిందకు వెళ్ళి చూశాను. ఆమె లేదు. చీటీ రాయలేదు కాబట్టి ఆమె చెప్పిన పేరు కూడా నాకు గుర్తు లేదు, ఊరు మాత్రమే గుర్తుంది.

రెండు రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంకెక్కడైనా చూపించుకుని ఉంటుందిలే అనుకున్నాను. మూడో రోజు డాక్టరు గారు వచ్చినప్పుడు సంగతి చెప్పాను. "అట్లా వదిలేస్తే నాలుగైదు రోజుల్లో చూపు పోతుంది" అని, ఆయన చేతిలో పని ఆపకుండానే అన్నారు. నేను కళ్ళమందు, దూది సంచిలో వేసుకుని బయలుదేరాను. దారిలో ఒక బండి దొరికింది. సగం దూరం అందులో, సగం నడక.

ఊళ్ళోకి వెళ్ళాక, కళ్ళు వాచిన పిల్ల ఇల్లు ఎక్కడని అడిగాను. ఆ వేసవిలో ప్రతి ఇంట్లోనూ కళ్ళు వాచిన పిల్లలే. అరుగు మీద కూర్చుని చేటతో బియ్యం చెరుగుతున్న ఒక అవ్వ తల ఎత్తి అడిగింది.

"ఎవని పెండ్లాం, బిడ్డా?"

 నేను మూడు రోజుల కింద ఆ పిల్ల తల్లిని కసురుకుంటూ అడిగిన ప్రశ్నే అది. దానికి నా దగ్గరా జవాబు లేదు. చివరికి సిగ్గు విడిచి, ఆమె అన్న మాటే అన్నాను.

"పొద్దుగాల్ల లేవంగనే దండం పెడ్తం గద, ఆయన."

"వాడా!" అంది అవ్వ. "గా మూల మీది ఇల్లు. వాడు బొంబాయికి పోయి రెండేండ్లాయె బిడ్డా. కబురు లేదు, కార్డు ముక్క లేదు. వాని పెండ్లామేమొ నా మొగడు ఉన్నడు ఉన్నడనుకుంట బొట్టు పెట్టుకొని తిరుగుతది."

 ఉన్నాడో లేడో తెలియని మనిషి పేరును ఆమె పలకదు. ఎట్లా పలుకుతుంది? ఆయుష్షు తరిగిపోతుందని నమ్మే మనిషి, అసలు మిగిలిందో లేదో తెలియని ఆయుష్షును అంత మందిలో బయటికి తీసి ఎట్లా పెడుతుంది? ఆ సంగతి నాకు తెలియాల్సిన పని కూడా లేదు. తెలియకపోయినా మెల్లగా అడిగి ఉండాల్సింది.

మూల మీది ఇంటికి వెళ్తే ఆమె నన్ను చూసి తిట్టలేదు. తిడితే బాగుండేది. చాప పరిచింది, చెంబుతో నీళ్ళు ఇచ్చింది. "చెల్లె, బిడ్డ కండ్లు చూడొచ్చా?" అని అడిగాను. ఆ మాట నేను ఎవరినైనా అడగడం అదే మొదటిసారి. అంతకు ముందు నేరుగా రెప్ప పట్టుకుని లాగడమే. ఆమె పిల్లను నా ఒళ్ళో పడుకోబెట్టింది. దవాఖానలో మందు దొరక్కపోయేసరికి, ఎవరో చెప్పిన ఏదో ఆకు పసరు కళ్ళలో పోసిందట. గోరువెచ్చని నీళ్ళతో చాలాసేపు తడిపి రెప్పలు విడదీశాను. కుడి కన్ను నిలిచింది. ఎడమ కంటి గుడ్డు మీద తెల్లగా పొర. అది ఇక పోదని నాకు తెలుసు.

"నా తప్పు చెల్లె" అన్నాను. ఆమె పిల్ల ముఖం కొంగుతో తుడిచింది.

ఆ తర్వాత రిజిస్టరులో ఆమె పేరు రాసి, రెండో గడిలో ఒక సున్నా గీసి, చుట్టూ గీతలు పెట్టాను. సూర్యుడు. మిగతావాళ్ళకూ అదే మొదలుపెట్టాను. పాము, కొండ, శంఖం. సీసాల మీదా అవే బొమ్మలు. ఒకరి మందు ఒకరికి పోలేదు. డాక్టరు గారు రిజిస్టరు తిప్పి చూసి, "ఇదేమన్నా బొమ్మల కొలువా?" అన్నారు. "మీరు కూర్చుని అడగండి, అప్పుడు పేర్లే రాస్తాను" అన్నాను. ఆయన మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఇదేదో గొప్ప పని చేశానని రాయడం లేదు. ఒక కన్ను పోయాక వచ్చిన తెలివి అది.

ఆమె ఆ పిల్లను ఏటా తీసుకొచ్చేది. నన్ను 'అక్కా' అని పిలవడం మొదలుపెట్టింది. నేను సూర్యుణ్ణి గీస్తుంటే ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని, తల పక్కకు తిప్పి ఒక కంటితో చూసేది. "మా బాపు" అని వేలు పెట్టేది. తండ్రి ముఖం ఆ పిల్లకు తెలీదు. ఆ బొమ్మే తెలుసు.

పిల్లకు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో వచ్చాయి. బయట ఎక్కడో యుద్ధం జరుగుతోందని, దూది దొరకడం లేదని, మందులు రావడం లేదని విసుగ్గా ఉన్న రోజులు. ఒక పొద్దున వసారా నిండా జనం. ఆమె వచ్చి బల్ల ముందు నిలబడింది. నేను తల ఎత్తలేదు. చెయ్యి అలవాటుగా సున్నా గీసింది. గీతలు పెట్టబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

అప్పుడు చూశాను. నుదుట బొట్టు లేదు.

నేను ఏమీ అడగలేదు. ఆమే చెప్పింది. ఆ పేరు స్పష్టంగా, వసారా అంతటికీ వినిపించేటట్టు చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఆ పేరు కోసమే ఒకప్పుడు ఆమెను గద్దించిన నేను, విన్నాక కలం కదపలేకపోయాను.

"బొమ్మ వద్దక్కా" అంది. "పేరే రాయి. ఇగ ఆయనకేం గాదు."