కళ్ళు పెట్టని బొమ్మల కొట్టు

ఏడు దేశాల్లో నా దిష్టిబొమ్మ ఇళ్ళకి కాపలా కాస్తోంది. అనకాపల్లిలో బోర్డులు రాసి బతికినవాళ్ళలో ఈ మాట అనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. రైలైనా ఎక్కకుండా, కంప్యూటర్లో కొట్టు తెరిచి, నా బొమ్మల్ని సముద్రాలు దాటించాను. టీ బడ్డీ దగ్గర ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒక దేశం పెరిగేది. మొదట్లో మూడే ఉండేవి.

టీ బడ్డీ దగ్గర చెప్పిన మాట గాలికి పోతుంది. కాగితం మీద పెట్టింది ఉండిపోతుంది. అందుకని ఇక్కడ కొంచెం తగ్గించి చెబుతాను.

బెల్లం వర్తకుల కొట్లకి, మందుల షాపులకి, లారీల వెనక, ఆటోల పక్కన రాయడం నా వృత్తి. కానీ నాకు పేరు తెచ్చింది దిష్టిబొమ్మ. కొత్త ఇల్లు లేస్తుంటే ముందు కడతారే, ఆ రేకు బొమ్మ. ఎర్రటి ముఖం, రెండు కోరలు, బయటికి వేలాడే నాలుక, చెవుల దాకా పోయే మీసం. ఆ మీసాన్ని బ్రష్షు ఎత్తకుండా ఒక్క ఊపులో లాగేవాణ్ణి. అటు కోటవురట్ల నుంచి, ఇటు నక్కపల్లి నుంచి మేస్త్రీలు వెతుక్కుంటూ వచ్చేవారు. బొమ్మకి కళ్ళు మాత్రం షాపులో పెట్టేవాణ్ణి కాదు. అది మా గురువుగారి దగ్గర అబ్బిన పద్ధతి. బొమ్మని ఇంటి ముందు కట్టాలి, కొబ్బరికాయ కొట్టాలి, అప్పుడు నిచ్చెనెక్కి కళ్ళు పెట్టాలి. ముందే పెట్టేస్తే దారిలో ఎదురైన ప్రతివాడి దిష్టీ మింగేసి, ఇల్లు చేరేసరికి దాని కడుపు నిండిపోతుంది. నిండిన కడుపుతో కాపలా ఎవడు కాస్తాడు?

తర్వాత ఫ్లెక్సు మిషన్లు దిగాయి. ముందు బోర్డుల పని పోయింది. పోతే పోయింది, దిష్టిబొమ్మ ఉంది కదా అనుకున్నాను. ఒకరోజు ఫ్లెక్సు షాపతను, వరసకి నాకు అల్లుడవుతాడు, లోపలికి పిలిచి అచ్చేసిన దిష్టిబొమ్మ చూపించాడు. కళ్ళతో సహా తయారు.

“ఇంక నువ్వు నిచ్చెన మోసుకుని తిరగక్కర్నేదు మావా” అన్నాడు.

వెటకారమైతే తిట్టి వచ్చేవాణ్ణి. నా మోకాళ్ళ మీద నిజమైన జాలితో అన్నాడు. అందుకే ఎక్కువ మండింది.

ఆ తర్వాత కూడా ఒకరిద్దరు వచ్చేవారు. పాత మేస్త్రీలు, మా ఆవిడ పుట్టింటి వైపువాళ్ళు. మొహమాటానికి వచ్చేవారని నాకు తెలుసు. అలా తీసుకున్న ఒకాయన, నేను కళ్ళు పెట్టి నిచ్చెన దిగిన వారానికే, నా బొమ్మని పెరట్లోకి మార్చి వీధి వైపు ఫ్లెక్సు కట్టుకున్నాడు. పని మీద అటు వెళ్ళి నేనే చూశాను. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఒకటే పట్టుకుంది నాకు. నన్ను ఎరగనివాడు, మొహమాటపడాల్సిన పనిలేనివాడు, ఒక్కడు నా బొమ్మని చూసి కావాలనుకోవాలి. అనుకుంటే నా చేతికి ఇంకా విలువ ఉన్నట్టు. లేకపోతే బ్రష్షులు కిరసనాయిల్లో కడిగి అటక మీద పడేయడమే.

రెండువేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతం అది. మా కోడలు స్టేషను రోడ్డులో ఒక నెట్ సెంటర్లో పనిచేసేది. నా గొణుగుడు భరించలేక ఆ పిల్లే ఈ కొట్టు సంగతి చెప్పింది. బొమ్మ గీసి కంప్యూటర్లో పెడితే చాలట. కొట్టులో సరుకుండదట. ఎవరైనా కావాలంటే అప్పుడు బెంగళూరులో ఒక కంపెనీ దాన్ని కాగితం మీదో, బనీను మీదో, కాఫీ కప్పు మీదో అచ్చేసి వాళ్ళింటికి పంపిస్తుందట.

బెల్లం దిమ్మని గిచ్చి, రంగు చూసి, ముక్క నోట్లో వేసుకుంటే గాని బేరానికి దిగని ఊరు మాది. సరుకే లేని కొట్టు ఏమిటో నాకు అంతుపట్టలేదు. మా ఆవిడకి అంతుపట్టింది గాని నచ్చలేదు. కప్పు మీద వేస్తే తాగేవాడి మూతీ దిష్టిబొమ్మ నాలుకా ఒకచోటికి వస్తాయంది. బనీను మీద వేస్తే తొడుక్కున్నవాడికి పిల్లనెవరిస్తారంది. దాంతో కప్పులూ బనీనులూ మొదటి రోజే రద్దయ్యాయి. కాగితం ఒక్కటే మిగిలింది.

మందపాటి డ్రాయింగు కాగితాల మీద అరడజను ముఖాలు వేసి ఇచ్చాను. కోడలు స్కానరు మీద బోర్లించబోతూ ఆగింది. ఒక్కదానికీ కళ్ళు లేవు.

“ఆర్డరు వచ్చాక పెడతానమ్మా. మా గురువుగారి పద్ధతి అది” అన్నాను.

“ఆర్డరొస్తే ఇంక మన చేతిలో పనుండదు మావయ్యా. అంతా ఆళ్ళే చూసుకుంటారు” అంది.

సరేనన్నాను. అచ్చు వాళ్ళది, కళ్ళు నావి అనుకున్నాను. బొమ్మ తయారయ్యాక కళ్ళ కోసం నాకు కబురు చెయ్యరా? ఇంతకాలం ఏ మేస్త్రీ చెయ్యకుండా ఉన్నాడు?

కొట్టు అన్నాక కొబ్బరికాయ కొట్టాలి. కంప్యూటరు ముందే కొట్టబోతే నెట్ సెంటరు యజమాని మిషను తడుస్తుందని అడ్డం పడ్డాడు. మెట్టు మీద కొట్టించి, చిప్ప ఒకటి తను తీసుకున్నాడు. నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి మానిటరుకి కడతానంటే దానికి మాత్రం ఏమీ అనలేదు.

ఇక రోజూ పొద్దున్నే వెళ్ళి కోడలి పక్కన కుర్చీ వేసుకునేవాణ్ణి. మన కొట్టుకి ఎందరు వచ్చారో, ఏ దేశం నుంచి వచ్చారో ఒక మూల కనిపించేది. ఒకనాడు మలేషియా, ఒకనాడు బ్రెజిల్. తలుపు తీసి తొంగిచూసి పోయినవాళ్ళు వాళ్ళు. నేను టీ బడ్డీ దాకా నడిచేలోగా వాళ్ళందరూ కొన్నవాళ్ళైపోయేవారు. నా ఏడు దేశాలు అలా పుట్టినవే. అనకాపల్లి నుంచి వచ్చినవాళ్ళ లెక్క కూడా బాగా పెరుగుతుంటే ఊళ్ళో నా పేరు మోగుతోందని పొంగిపోయాను. నేను చూసిన ప్రతిసారీ నన్నే లెక్కపెడుతోందని కోడలు చెప్పేదాకా.

వానలు మొదలై తగ్గాయి. ఆర్డరు రాలేదు. బ్రష్షులు అటకెక్కించే రోజు దగ్గరపడిందనిపించింది.

ఒక ఉదయం నేను ఇంకా పళ్ళు తోముకుంటుండగానే కోడలు ఫోను చేసింది. నాగపూర్ నుంచి ఎవరో ఆవిడ ఒక బొమ్మ తీసుకుందట. మనవాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ అని మూడుసార్లు అడిగాను. మనకి ఎవరూ లేరంది. తలంటుకున్నాను. ఉతికిన పంచె కట్టుకున్నాను. నలుపూ తెలుపూ చిన్న డబ్బాల్లో కలుపుకుని, సన్న బ్రష్షు జేబులో పెట్టుకుని నెట్ సెంటరుకి వెళ్ళాను.

“ఎక్కడమ్మా పెట్టాలి కళ్ళు?” అన్నాను.

కోడలు నా చేతిలో డబ్బాల వంక చూసింది. అక్కడ సెల్‌ఫోన్లలోకి పాటలు ఎక్కించుకుంటున్నవాళ్ళు కూడా చూశారు.

“అది రాత్రే అచ్చయిపోయింది మావయ్యా. పార్సిలు కూడా బయలెల్లిపోయింది” అంది.

కూర్చుండిపోయాను. ముక్కూ మొహం ఎరగని మనిషి ఇంటికి గుడ్డి కాపలాదారుణ్ణి పంపించాను. నిజం చెప్పాలంటే ఆ సిగ్గు లోపల ఎక్కడో కొంచెం ఊపిరి కూడా తీసుకున్నాను. అదెందుకో అప్పుడు ఆలోచించలేదు.

కాగితం మీద రెండు కళ్ళు గీసి పోస్టులో పంపుదామంటే, కంపెనీవాళ్ళు ఆవిడ చిరునామా చెప్పరట. కబురు మాత్రం పంపొచ్చట. నేను చెబుతుంటే కోడలు ఇంగ్లీషులో కొట్టింది. అమ్మా, బొమ్మకి కళ్ళు పెట్టలేదు, పొరపాటు నాది, గుమ్మం దగ్గర తగిలించాక ఇంట్లో పెద్దవాళ్ళ చేత పెట్టించండి, వద్దనుకుంటే వెనక్కి పంపేయండి అని. పంపేయండి అన్న ముక్క దగ్గర నా గొంతు బాగా తగ్గిపోయి ఉండాలి, కోడలు రెండోసారి చెప్పించుకుంది.

వారం పైనే పట్టింది జవాబు రావడానికి. దాంతోపాటు ఫొటో కూడా ఉంది. అద్దెకి దిగిన ఇంటి గుమ్మం మీద నా బొమ్మ. వాళ్ళమ్మ కాటుకతో కళ్ళు పెట్టిందట. ఒకటి ఆకాశం వైపు చూస్తోంది, రెండోది వంటింటి వైపు. కింద రెండు ముక్కలు రాసింది. కళ్ళ సంగతి తను గమనించనే లేదట. మీసం చూసి తీసుకుందట, అలాంటి గీత మిషను గియ్యలేదని అనిపించిందట.

కోడలు చదివిందే మళ్ళీ చదివించుకున్నాను. ఆ రోజు టీ బడ్డీకి వెళ్ళలేదు.

ఆ తర్వాత ఇంకెవరూ కొనలేదు. కొట్టు ఎప్పుడు మూతపడిందో కూడా చెప్పలేను, తాళం వేసే కొట్టు కాదు కదా. బ్రష్షులు మాత్రం అటకెక్కలేదు.

ఇదీ జరిగింది. ఏడు దేశాలు కాదు, ఒక్క నాగపూరు. గురువుగారి పద్ధతి తప్పకూడదని నేను కళ్ళు ఆపాను, కంపెనీ ఆగలేదు.

ఇంతవరకు రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. గోంగూర ఆకు తుంపుకుంటూ విన్నది. బాగుందా అని అడిగాను.

“బానే రాసేవు గానీ గురువుగారి మీదకి తొయ్యకు” అంది. “ఆ పద్ధతి రేకు బొమ్మకి. మేస్త్రీలకి సూపించే కాయితం బొమ్మకి ఏనాడు కళ్ళాపేవు నువ్వు? ఆ కొట్టెట్టిన ఏడాది సెయ్యి వణికి రెండో కన్ను కుదరక కాయితం మీద కాయితం సింపేసేవు. పొయ్యిలో పెట్టింది నేను. నీకు మీసం కుదిరింది, కళ్ళు కుదర్నేదు. అది రాయి.”