గుండ్లతో మొదలుపెట్టమన్న చిన్నత్త

మా చిన్నత్త పోయిందని ఫోను వచ్చేసరికి నేను తిరుమల నుంచి దిగే బస్సులో ఉన్నాను. కొండమీద మందుల షాపులో రాత్రి డ్యూటీ ముగించుకుని, ముందు సీటులో కూర్చున్న ఒక పెద్దాయన గుండు బొమ్మ వేస్తున్నాను. అప్పుడే చెవి దగ్గరికి వచ్చాను. ఫోనులో మా పెద్దత్త కొడుకు, నాకు బావ.

"మే, చిన్నమ్మ పొయ్యింది మే. పొద్దన కాపీ తాగి కుర్చీలో కూసున్నది కూసున్నట్టే. నేను సూళ్లూరుపేట నుంచి బయల్దేరతా ఉండా. నువ్వు ముందు పలమనేరుకు పో, ఆడ అమ్మ ఒకతే ఉండాది" అన్నాడు.

సరే అన్నాను. ఫోను పెట్టేశాను. ఆ తర్వాత నేను చేసిన పని చెప్పడానికి నోరు రావడం లేదు. ఆ పెద్దాయన చెవి పూర్తి చేశాను. చెవి తమ్మె కింద ఒక మడత ఉంది, దాన్ని కూడా వేశాను. అదయ్యాకే ఏడుపు వచ్చింది. పక్క సీటావిడ మంచినీళ్ల సీసా అందిస్తూ "ఏమైందమ్మా" అని అడిగితే, నా ఒళ్లో తెరిచి ఉన్న ఆ పుస్తకాన్ని చీరకొంగు కింద దాచుకున్నాను. ఇప్పటికీ ఆ మలుపులు, ఆ చెవి తలుచుకుంటే తల ఎత్తబుద్ధి కాదు.

చిన్నత్త మా నాయనకు చెల్లెలు. చిత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేసింది. డ్రాయింగు టీచరు అంటే ఏమిటో మీకు తెలుసు కదా, పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడు ఎవరికి కావాలంటే వారికి ఇచ్చేయాల్సిన మనిషి. లెక్కల సారు వచ్చి తలుపు దగ్గర నిలబడితే చాలు, అత్త సుద్దముక్క ఇచ్చేసి వెనక బెంచీలో కూర్చునేది. కూర్చుని ఆ లెక్కల సారు బొమ్మే వేసేది. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక పలమనేరులో అక్క ఇంటికి, అంటే మా పెద్దత్త దగ్గరికి చేరింది. ఆ ఊరి చలికి ఒక స్వెట్టరు, కొప్పులో గుచ్చిన ఒక బాల్‌పెన్ను, అంతే ఆమె అలంకారం. పెన్ను కోసం ఇల్లంతా వెతికేది, చివరికి పెద్దత్త విసుక్కుని కొప్పులోంచి లాగి చేతికిచ్చేది.

అత్త గొప్పగా బొమ్మలు వేసేదని చెబితే అబద్ధమవుతుంది. మామూలుగానే వేసేది. కొన్ని రోజులు మామూలు కంటే అధ్వానంగా కూడా. పాలకేంద్రం దగ్గర కట్టేసిన ఎనుము బొమ్మ వేసి తెస్తే పెద్దత్త చూసి "ఇది ఎనుమా, పందా? తేల్చి చెప్పు, దానికి తగ్గట్టు మేత ఏస్తా" అనేది. అత్త పకపకా నవ్వేది. మర్నాడు కాఫీ తాగగానే మళ్లీ పుస్తకం తెరిచేది. వర్షమైనా, జ్వరమైనా, ఇంట్లో పెళ్లయినా రోజుకొక పేజీ. బొమ్మ కింద ఒక వాక్యం రాసేది. బాగా వచ్చిందనో రాలేదనో కాదు, ఆరోజు కొత్తగా ఏం కనబడిందో. ఎనుము కొమ్ము మొదట్లో వలయాలు ఉంటాయని. టమాటా తొడిమ అన్ని కాయలకూ ఒకే పక్కకు వంగదని. అక్క నిద్రపోతే నోరు తెరుస్తుందని. ఆ చివరి వాక్యం చదివి పెద్దత్త రెండు రోజులు మాట్లాడలేదు.

నాకు ఈ అలవాటు అంటించింది చిన్నత్తే. చిన్నప్పుడు బాగా వేసేదాన్ని. అందరూ బాగుందన్నారు, అక్కడే వచ్చింది తంటా. బాగుండకపోతే ఏమంటారో అన్న భయంతో పదో తరగతి నాటికే మానేశాను. నలభై దాటాక ఒకసారి పలమనేరు వెళితే అత్త ఒక తెల్లకాగితాల పుస్తకం నా బ్యాగులో పెట్టింది.

"రోజుకొకటి ఎయ్యి అమ్మణ్ణీ. బాగుండాల్సిన పన్లేదు, ఉంటే చాలు" అంది.

"నాకు టైం యాడిది అత్తా? బస్సులోనే సగం బతుకు పోతా ఉండాది."

"అయితే బస్సులోనే ఎయ్యి. మీ తిరుపతిలో గుండ్లకేం కరువా? గుండ్లతో మొదలుపెట్టు. జుట్టుంటే జుట్టు ఎనకాల దాక్కుంటావు. గుండులో దాక్కునేదానికి చోటు లేదు."

నిజంగానే ఇంత మంచి బడి ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి. దర్శనం అయిపోయి, గంధం పూసుకుని, అలిసిపోయి కదలకుండా కూర్చున్న గుండ్లు, ఒక్కో బస్సుకు ఎన్నో. తల అంటే గుండ్రం అనుకునేదాన్ని, ఏ రెండు తలలూ ఒక్కలా ఉండవని అక్కడే తెలిసింది. ఘాట్‌ రోడ్డు మలుపుల్లో పెన్ను జారిపోయి, కొందరికి తలలోంచి కొమ్ము మొలిచేది. అత్తకు ఆ కొమ్ములంటే మహా ఇష్టం. "ఇది ఏ మలుపులో వచ్చిందిమే?" అని అడిగేది.

అసలు బాధ మలుపులతో కాదు. నా లోపల ఒక మనిషి ఉంది. బాగా చదువుకున్న మనిషి, ఇస్త్రీ చీర కట్టుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటుంది. నేను గీత గీయగానే "ఇది చెయ్యా, అరటి గెలా?" అంటుంది. "నీ వయసుకు ఇదేం పిల్లచేష్ట?" అంటుంది. ఒక్కోసారి పేజీ చించేసేదాన్ని. చించిన పేజీల సంగతి అత్తకు చెప్పి ఏడ్చాను కూడా.

అత్త అప్పుడు వాళ్ల స్కూలుకు ఇన్‌స్పెక్టరు వచ్చిన కథ చెప్పింది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, బోర్డు మీద వంకాయ బొమ్మ వేస్తుండగా ఆయన నేరుగా క్లాసులోకి వచ్చాడట. అత్తకు చెయ్యి ఆగిపోయింది. వంకాయ సగంలో ఉంది. పిల్లలంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"బయటికి పో సామీ అంటానా? అంటే ఉద్యోగం పోతాది. ఆయనతో వాదించేదానికి దిగితే వంకాయ పోతాది. కుర్చీ ఏసినా. టీ తెప్పించినా. కూసోమన్నా. ఆయన పాటికి ఆయన కూసున్నాడు, నా పాటికి నేను వంకాయ ఏసుకున్యా. టీ అయిపోయినాక ఆయనే లేసి పొయ్యినాడు" అంది. ఆపైన నా చెయ్యి పట్టుకుని "నీ లోపలోళ్లు కూడా అంతే అమ్మణ్ణీ. పొమ్మంటే పోరు. కూసోబెట్టు. సుద్దముక్క ఉండేది నీ చేతిలో, వాళ్ల చేతిలో కాదు" అంది.

ఆ మాట నాకు బాగానే పనిచేసింది. పేజీలు చించడం మానేశాను. కానీ ఒకటి మాత్రం చేతకాలేదు. అత్తకు ఒక నియమం ఉండేది, ఎవరి బొమ్మ వేస్తే వాళ్లకు చూపించాలి. పాలవాడికి, పూలమ్మే ఆవిడకు, లెక్కల సారుకు కూడా చూపించిందట. "నవ్వితే నవ్వనీ. వాళ్ల మొగం వాళ్లకు సూపించేదానికి మనకేం రోగం?" అనేది. నాకు అది ప్రాణాంతకంగా ఉండేది. ఒకసారి బస్సులో ఒకామె వంగి చూసి "మా ఆయన గుండేనా అది?" అని సంబరంగా అడిగితే, టపీమని పుస్తకం మూసి, షాపు లెక్కలని అబద్ధం చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. బొమ్మ చూస్తే ఎంత మురిసిపోయేదో ఏమో.

మొన్న మామిడికాయల కాలంలో, అత్త నా పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిప్పింది. తిప్పి, కళ్లద్దాలు తీసి నన్ను చూసింది.

"అందురూ అట్ల తిరిగి కూసున్నారేమే? నీ మింద కోపమా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చూసుకున్నాను. అన్నీ వెనక నుంచి వేసిన తలలే. వీపులు, మెడలు, చెవులు. పుస్తకం నిండా ఒక్క ముఖం లేదు. ఎదురుగా ఉన్నవాళ్లు అడుగుతారు, చూపించమంటారు. వీపులు అడగవు. ఇన్నాళ్లు నా లోపలి మనిషిని కూర్చోబెట్టాననుకున్నాను, ఆమె ఎక్కడ కూర్చోమంటే అక్కడ నేనే కూర్చున్నానన్నమాట.

"ఒక్క మొగం ఎయ్యి అమ్మణ్ణీ. ఎవురిదైనా సరే. ఏసి ఆ మనిషికి సూపించు. ఇంకేం అడగను నిన్ను" అంది అత్త. అలాగే అన్నాను. అన్నానే గానీ, మళ్లీ వెళ్లినప్పుడల్లా వీపులే తీసుకెళ్లాను. ఆమె కొమ్ములు చూసి నవ్వి ఊరుకునేది.

పలమనేరు చేరేసరికి ఎండ ఎక్కింది. వరండాలో ఐసు బాక్సు, తలవైపు దీపం, చుట్టూ ఆడవాళ్లు. పెద్దత్త గోడకు ఆనుకుని, నన్ను చూడగానే చేతులు చాచింది. ఇద్దరం కరువుతీరా ఏడ్చాం. చిన్నత్తకు పిల్లలు లేరు కాబట్టి చేయాల్సిందంతా బావే చేయాలి. బావ వచ్చేదాకా ఎదురుచూడాలి. పెద్దత్త పక్కన కూర్చున్నాను.

ఎదురుగా చిన్నత్త ముఖం. నేను ఎన్నడూ అంతసేపు చూడని ముఖం. ఏడుపు కాస్త తగ్గింది. తగ్గగానే, దేవుడా, నా వేళ్లు కదలడం మొదలుపెట్టాయి. తొడ మీద, కొంగు కింద, ఆమె ముక్కు గీత గీస్తున్నాయి. నుదుటి నుంచి ముక్కుకు దిగే ఆ వంపు ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. పెంచినంత పని చేసిన మనిషి శవం ముందర కూర్చుని ముక్కు కొలుస్తున్నానా? ఇంత మంది ఏడుస్తుంటే?

లోపలి మనిషి ఈసారి అరటి గెల అనలేదు. "నీకు మనసనేది ఉందా?" అంది. అత్త చెప్పిన ఉపాయం ఇక్కడ పనికిరాలేదు. మాట్లాడేది ఆ ఇస్త్రీ చీర మనిషో, నిజంగా నా మనస్సాక్షో తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

సిగ్గుతోనే బ్యాగులోంచి పుస్తకం తీశాను. సిగ్గు పోయిందని కాదు, మధ్యాహ్నానికి ఆ ముఖం ఉండదని. మోకాలి మీద కొంగు కప్పి, ఆ చాటున వేశాను. ముక్కు, మూసిన కళ్లు, పక్కకు ఒరిగిన పెదవి. గడ్డం దగ్గరికి వచ్చేసరికి కొంగు జారిపోయింది.

"ఏందిమే అది?" పెద్దత్త గొంతు.

మూయబోయాను. ఆమె చెయ్యి పుస్తకం మీద పడింది. "తియ్ చెయ్యి" అంది. అందరూ ఇటు తిరిగారు. భూమి రెండుగా చీలితే దూరిపోదామనిపించింది. పెద్దత్త పుస్తకాన్ని దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి చూసింది. చెంప మీద కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"దాని ముక్కు ఇంత పొడుగు యాడ ఉండాది?" అంది.

పక్కింటామె మెడ చాచి చూసి "ఉండాది లే అక్కా, కొంచెం పొడుగే" అంది. "నీకేం తెలుసు, నా చెల్లెలు ముక్కు నాకు తెలీదా?" అని పెద్దత్త కసిరింది. ఇంకెవరో కళ్లు మాత్రం అచ్చం అట్లాగే ఉన్నాయన్నారు. శవం పక్కనే ముక్కు గురించి వాదన జరిగింది, చివర్లో ఎవరికో నవ్వు కూడా వచ్చి కొంగుతో నోరు మూసుకున్నారు.

"మచ్చ యాడ?" అంది పెద్దత్త. చిన్నత్తకు గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేది. ఐసు బాక్సు అద్దం మీద అక్కడ చెమ్మ పట్టి కనబడలేదని చెప్పాను. "కనపడాల్నా? డెబ్బై ఏండ్లుగా సూస్తా ఉండా" అని నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. చుక్క పెట్టబోయింది. ఆమె చెయ్యి నిలవలేదు. చుక్క గడ్డం మీద పడకుండా చెంప మీద పడి, చిన్న గీతలా జారింది.

పెద్దత్త బిత్తరపోయి నన్ను చూసింది. "చెడగొడితినే, అమ్మణ్ణీ" అంది, చిన్నపిల్లలా. కొంగు తడిచేసి తుడవబోతే, నేను ఆమె చెయ్యి పట్టుకుని వద్దన్నాను.

పెద్దత్త మోకాళ్ల మీద మెల్లగా ముందుకు జరిగి, అద్దం మీది చెమ్మను అరచేత్తో తుడిచి, పుస్తకాన్ని చెల్లెలి ముఖానికి ఎదురుగా తిప్పి పట్టుకుంది.

"సూడు మే, నిన్ను ఎట్ల ఏసినామో" అంది.

నాకు ఆ క్షణాన ఉన్నంత సిగ్గు బతుకులో ఎన్నడూ లేదు. అందరూ చూస్తున్నారు. ముక్కు పొడుగ్గా ఉంది, మచ్చ చెంప మీద ఉంది. అయినా మూయమని మాత్రం నేను అడగలేదు. చేతులు నొప్పి పుట్టేదాకా పెద్దత్త ఆ పుస్తకాన్ని అట్లాగే పట్టుకుని కూర్చుంది.