పొంగు తగ్గని సీసాలు

మెట్‌పల్లి దగ్గరి లస్మాగౌడ్ కల్లు గీసే మనిషి. వరుస కరువులకు ఈతచెట్లు ఎండిపోవడంతో 1989లో మస్కట్ వచ్చి, హారిస్ అనే ఇంగ్లండు ఇంజనీరు ఇంట్లో వంటకు కుదిరాడు. హారిస్ ఒంటరివాడు. వెనక గదిలో సొంతంగా బీరు కాచుకోవడం ఒక్కటే ఆయనకున్న పిచ్చి.

ఎలాంటి బీరు కావాలో ఆయనకు బాగా తెలుసు. దాన్ని బ్లాండ్ ఏల్ అంటారట. ఎండుగడ్డి రంగులో, నాలుకకు తేలిగ్గా ఉండాలి. గ్లాసు ఎత్తగానే హాప్స్ వాసన గుప్పుమనాలి. హాప్స్ అంటే ఎండబెట్టిన చేదు పువ్వులు. సెలవుకు వెళ్ళొచ్చే స్నేహితులు పెట్టెల్లో దాచి తెచ్చేవారు. అలా తెచ్చిన పువ్వుతో కాచిన మొదటి రెండు కాపులూ చెడిపోయాయి. వాసన లేదు సరికదా, వేపాకు నమిలినంత చేదు.

"పువ్వును గంటసేపు ఉడకవెడ్తె వాసన ఏడుంటది సార్?" అన్నాడు లస్మాగౌడ్, సగం హిందీలో, సగం చేతులతో. "కొత్తిమీర పొయ్యి మీదికెల్లి దించినంకనే ఏస్తం గద!"

హారిస్ వెంటనే నోటుబుక్కు తీశాడు. మూడో కాపులో చేదు కోసం పిడికెడు పువ్వు ముందుగా వేశారు, మిగిలిందంతా పొయ్యి ఆర్పాక వేశారు. వాసన నిలిచింది గానీ తీపి ఎక్కువైంది. మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, తగ్గించి కాస్త గోధుమ కలిపి నాలుగో కాపు పెట్టారు. ఎండుగడ్డి, నిమ్మతొక్క కలిసిన వాసన ఇల్లంతా కమ్ముకుంది.

"ఏందన్నా ఇది, గడ్డివామి మింద పండుకున్నట్టుండాదే!" అంది ఇంటిపని చేసే కడప పెంచలమ్మ.

శుక్రవారం విందుకు హారిస్ పదిమందిని పిలిచాడు. బుధవారానికి కూడా పీపా బుసబుసలాడుతూనే ఉంది. లస్మాగౌడ్ చెవి ఆనించి విన్నాడు.

"ఇంకా పొంగు తగ్గలే సార్. గిప్పుడు మూత వెడ్తె ఊకోదు."

"ఏసీ ఉంది, గది చల్లగానే ఉందిగా," అని హారిస్ నవ్వేసి, నురగ కోసం సీసాకింత చక్కెర వేసి మూతలు బిగించేశాడు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. జూన్ నెల. రెండు గంటల్లో గది పొయ్యిలా కాగిపోయింది. సీసాలను నీళ్ళతొట్టిలో పెడదామని లస్మాగౌడ్ లోపలికి వెళ్ళాడు. రెండింటిని క్షేమంగా చేర్చాడు. మూడోది చేతిలోనే పేలింది.

పెంచలమ్మ తన కొంగు చించి, నెత్తురోడుతున్న అతని కన్నుకు కట్టు కట్టింది. కబురందుకుని వచ్చిన హారిస్ ఆసుపత్రికి కారు నడుపుతూ ఒకే మాట పదేపదే అన్నాడు: "సోడా సీసా అని చెప్పు. ఇంట్లో బీరు కాచడం ఇక్కడ నేరం, తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

లస్మాగౌడ్ అలాగే చెప్పాడు. కాగితాల మీద అది అతని అజాగ్రత్త అయింది. ఎడమకన్ను తీసేశారు.

మూడో రోజు హారిస్ వార్డుకు వచ్చి మంచం పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. "మిగతా సీసాలు బాగా కుదిరాయి. అందరూ మళ్ళీ కావాలంటున్నారు. చివర్లో పువ్వు ఎంత వేశావు? నేను తూచలేదు."

అన్నం తెచ్చిన పెంచలమ్మ సంగతి అర్థమై అడ్డుపడింది. "చెప్పొద్దన్నా! వానికి నీ కన్నుకన్నా అదే ఎక్కువైపోయె."

లస్మాగౌడ్ కూడా తప్పుడు లెక్క చెబుదామనే అనుకున్నాడు. నోరు రాలేదు. ఈ దేశంలో తన చేత్తో సరిగ్గా కుదిరింది ఆ ఒక్కటే.

"అయిదు పిడికిళ్ళు," అన్నాడు. "నా పిడికిలి చిన్నది సార్. మీదైతే నాలుగే ఎయ్యండ్రి."

మరుసటి నెలలో వీసా రద్దయి ఇంటికి చేరాడు. భార్య శాంతవ్వకు ఏదీ దాచకుండా చెప్పాడు. కన్ను పోయిందన్నప్పుడు ఆమె ఏడ్చింది. పిడికిళ్ళ లెక్క చెప్పేశాడని విన్నాక మాత్రం వారం రోజులు మాట్లాడలేదు.

ఆమె బీడీలు చుట్టేది. అతను పక్కన కూర్చుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టాడు. తొలినాళ్ళలో ఒంటికంటికి దూరం తెలియక కత్తెర ఆకుకు అంగుళం అవతల గాలిలో పడేది. శాంతవ్వ అతని చేయి పట్టుకుని ఆకు మీదికి జరిపేది.