బేరంలో గొర్రె మాట్లాడకూడదు

డాక్టరు గారి చేతి మీద తువ్వాలు కప్పించి, సంతలో గొర్రెను బేరమాడినట్టు వైద్యాన్ని బేరమాడించిన ఘనుడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి నేనే. ఆ బేరం జరిగినంతసేపూ నేను బడి వరండాలో బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాను. ఎందుకు పడుకున్నానో చెబుతాను, తొందరపడకండి. నవ్వేవాళ్ళు కొంచెం ఆపుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మా గిద్దలూరు తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. కొత్త రాష్ట్రం, కొత్త బ్లాకు ఆఫీసు, కొత్త జీపు, వాటన్నిటికన్నా కొత్తగా నేను! గ్రామసేవక్ ఉద్యోగమిచ్చి రాచర్ల దగ్గర ఒక పల్లెలో వేశారు. ట్రైనింగులో ఎరువు గుంటల దగ్గర్నుంచి దోమల దాకా అన్నీ చెప్పారు. అన్నీ వచ్చేశాయనుకున్నాను. పొద్దున్నే లేచి, ఇవాళ ఎవరిని బాగుచేద్దామా అని వీధి వెంట చూస్తూ పోయేవాణ్ణి. నన్ను చూసి జనం తలుపులు వేసుకునేవాళ్ళంటే నమ్మండి.

నేనుండేది ఓబులమ్మ పెద్దమ్మ ఇంట్లో. అద్దె పేరుకే గానీ, జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెట్టి కన్నకొడుకులా చూసుకునేది. ఆమె కూతురు తిరుపతమ్మ తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. పెద్దమ్మకు అప్పట్నుంచీ ఒకటే బెంగ. గట్టి వాన పడితే మా ఊరి వాగు పొంగేది. వాగు పొంగితే గిద్దలూరుకు బండి పోదు, మనిషీ పోడు.

"నొప్పులొచ్చినాక వాగు అడ్డమొస్తే నా బిడ్డ గతేంది నాయనా?" అనేది రొట్టె వేస్తూ. ఆ మాట వింటే నాకు ముద్ద దిగేది కాదు.

దాంతో గిద్దలూరు పరుగెత్తాను. అక్కడ కోస్తా నుంచి వచ్చి ప్రాక్టీసు పెట్టిన డాక్టరు గారొకరు ఉండేవారు. హస్తవాసి మంచిది, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "సరేనయ్యా, ఒక్క శుక్రవారం వచ్చి చూస్తాను. బాగుంటే వారం వారం వస్తాను. విసిగించారో, మీ ఊరి పొలిమేర మళ్ళీ తొక్కను" అన్నారు.

నేను ఎగిరి గంతేశాను. పెద్దమ్మ అయితే కొంగుతో కళ్ళొత్తుకుని, ఆ పూట నాకు కోడిని కోసింది.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ చెన్నయ్య మామ ఉన్నాడే! గొర్రెల మంద ఉన్నవాడు, పైగా సంతలో పేరున్న బేరగాడు. ఎవరి గొర్రె అమ్మాలన్నా, కొనాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. అంతటి మనిషి దగ్గుతో పట్నం పోయి, రెండు సీసాలు తెచ్చుకుని, ఏది దేనికో అడగకుండా వచ్చేశాడు. తాగాల్సిన తియ్యటి మందు ఛాతీకి పూసుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి ఊళ్ళో ఉన్న చీమలన్నీ ఆయన మంచం మీదే ఉన్నాయి. రెండో సీసా వాసన నచ్చక మేకపోతుకు పట్టించాడట. అది వారం రోజులు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

"అడగొచ్చు కదా మామా?" అన్నాను.

"డాక్టర్ను అడుగుతారా అల్లుడూ? ఆయన ఇచ్చినాడు, నేను తెచ్చుకున్నా. ఎంతంటే అంత ఇచ్చినా."

నాలో గ్రామసేవకుడు మేలుకున్నాడు. ఆ సాయంత్రమే ఊరివాళ్ళను బడి ముందు కూర్చోబెట్టి, అరుగెక్కి ఉపన్యాసం దంచాను. అబ్బ, ఏం ఉపన్యాసమది! నా మాటలకు నాకే ఒళ్ళు పులకరించింది.

"గొర్రెను కొనేటప్పుడు ఏం చేస్తారు? పళ్ళు చూస్తారు. వీపు తడుముతారు. నాలుగు చోట్ల ధర విచారిస్తారు. మరి సొంత ఒంటికి వైద్యం కొనుక్కునేటప్పుడు గొర్రెల్లా తలొంచుకుని పోతారెందుకు? అడగండి! రోగమేంటి? మందెందుకు? సూది తప్పనిసరా? ఖర్చెంత? తక్కువలో అయ్యే దారుందా? ఇవన్నీ అడిగే హక్కు మీకుంది!"

జనం నోళ్ళు తెరిచి విన్నారు. చెన్నయ్య మామ మాత్రం గడ్డం గోక్కుంటూ లేచాడు. "గొర్రెకైతే పండ్లు చూస్తాం. డాక్టరుకేం చూడాల అల్లుడూ?"

వేడిలో ఉన్నాను కదా, వెనకాముందూ చూడకుండా అనేశాను. "చెయ్యి చూడండి మామా! డాక్టరుకు చెయ్యే ముఖ్యం. వణక్కూడదు!"

"అట్లనా" అని ఆయన తలాడించి కూర్చున్నాడు. ఆ తల ఊగిన తీరు చూసైనా నాకు భయమేయాల్సింది.

ఇప్పుడు ఇంకో రహస్యం. అప్పటికే నాకు సెగ్గడ్డ లేచి ఉంది. ఎక్కడ అంటారా? కూర్చోవడానికి మనిషికి దేవుడిచ్చిన చోట. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఊరికి ఆరోగ్యం నేర్పేవాడికి గడ్డ లేస్తే పరువేం కావాలి? నిలబడే తింటున్నాను, నిలబడే రాస్తున్నాను. "మా సేవక్ ఒక్క క్షణం కూర్చోడు, ఎంత కష్టపడతాడో" అని ఊరంతా మెచ్చుకుంటోంది కూడా.

శుక్రవారం వచ్చింది. డాక్టరు గారు ఒంటెద్దు బండి దిగారు. బడి వరండాలో బల్ల వేయించాను. పెద్దమ్మ తిరుపతమ్మను వెంటబెట్టుకుని స్తంభం పక్కన నిలబడింది. జనం కిక్కిరిసి ఉన్నారు గానీ ఒక్కరూ ముందుకు రారు.

"ఏమయ్యా, ఊళ్ళో రోగాలే లేవా?" అన్నారు డాక్టరు గారు. తర్వాత నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వు కూర్చోవేం?"

"పర్వాలేదండి, అలవాటు లేదండి."

"కూర్చునే అలవాటు లేదా? ఇటు తిరుగు." తిరిగాను. ఆయన వేలితో ఒక్కసారి నొక్కారు. నేను పెట్టిన కేకకు వరండా చూరులో పిచ్చుకలు లేచిపోయాయి.

"పండిపోయింది. బల్లెక్కు. నిన్ను చూసైనా జనానికి ధైర్యమొస్తుంది."

ఊరంతా చూస్తుండగా బోర్లా పడుకున్నాను. పైజామా కిందికి జరిగింది. సూది మందు సీసా తీసిన చప్పుడు వినబడింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. అప్పుడు వినబడింది ఒక దగ్గు.

"ఆగండి సామీ" అన్నాడు చెన్నయ్య మామ. "అదేం గడ్డ?"

"సెగ్గడ్డ."

"ఏం చేస్తారు?"

"కోసి చీము తీస్తాను."

"ఆ సూది ఎందుకు?"

"నొప్పి తెలియకుండా మొద్దుబార్చడానికి. అసలు నువ్వెవరయ్యా?"

"మామను. సూది లేకపోతే పాణం పోతదా?"

"పోదు. అరుస్తాడు."

"అరిస్తే ఖర్చేముంది సామీ?"

జనంలోంచి "అదీ అడగాల్సింది!" అని ఎవరో మెచ్చుకున్నారు. నా పాఠం ఇంత బాగా ఎక్కుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. "మామా, సూది ఉండనీ!" అని మొత్తుకున్నాను.

"నువ్వు ఊరుకో అల్లుడూ. బేరంలో గొర్రె మాట్లాడకూడదు."

"అన్నీ కలిపి ఎంత?" అని అడిగాడు మామ. డాక్టరు గారు పళ్ళు కొరుకుతూ, "రెండు రూపాయలు" అన్నారు.

మీకు గిద్దలూరు సంత సంగతి తెలుసో లేదో. అక్కడ ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపితే పైన తువ్వాలు కప్పుతారు. ఆ ముసుగులో వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. ఎన్ని వేళ్ళు చేతిలో నిలిస్తే అంతకు బేరం కుదిరినట్టు.

మామ భుజం మీది తువ్వాలు డాక్టరు గారి చేతి మీద పడింది. "ఏయ్, ఏంటిది!" అని ఆయన చెయ్యి లాక్కోబోయారు. మామ పట్టు సంతలో ఆరితేరిన పట్టు. ఒకరు లాగుతున్నారు, ఒకరు బిగిస్తున్నారు. ఆ పెనుగులాటలో ఒక్క వేలు తప్ప మిగతావన్నీ జారిపోయాయి.

"ఒక్క వేలు!" అని మామ అరిచాడు. "కుదిరింది! సూది లేకుండా ఒక రూపాయికి ఒప్పుకున్నాడు! చెయ్యి కూడా చూసినా, కొంచెం వణుకుతాంది, ఫరవాలేదు!"

"వణకడం కాదయ్యా, కోపం!" డాక్టరు గారు గర్జించారు. "ఎవరు నేర్పారు మీకీ తిక్కంతా?"

ఊరు ఊరంతా వేలెత్తి నన్ను చూపించింది. నేను బోర్లా ఉన్నాను కాబట్టి, నాలో అప్పుడు పైకి కనబడుతున్న భాగాన్ని చూపించింది. డాక్టరు గారు సీసాలు పెట్టెలో పడేసుకున్నారు. "ఇక ఈ ఊరికి దండం" అని మెట్లు దిగారు.

నాకు గడ్డ నొప్పి గుర్తుకే రాలేదు. పెద్దమ్మ ముఖం చూశాను. పాలిపోయి ఉంది. నా వాగుడు వల్ల ఆ తల్లికి ఉన్న ఒక్క ఆశా బండెక్కి పోతోంది. ఏడుపొచ్చేసింది, దాచుకోవడమెందుకు.

పెద్దమ్మ మెట్ల కింద అడ్డం నిలబడింది. చేతులు జోడించింది గానీ దారి వదల్లేదు.

"అయ్యా, మా వాళ్ళకు అడగడం రాదు, కొత్త. కోప్పడాకండి. నేనొకటి అడుగుతా, చెప్పి పోండి. మా తిరుపతమ్మకు ఏ నెలలో ఏం చూసుకోవాల? ఏ గుర్తు కనబడితే బండి కట్టాల? వాగు పొంగితే ఏం చేయాల? ఖర్చు ఎంతయితాదో ఇప్పుడే చెప్తే, అమ్మేటివి అమ్ముకుని చేతిలో పెట్టుకుంటా. ఆ రోజు ఉరుకులాడకుండా."

డాక్టరు గారు చేతిలోని పెట్టెను మెట్టు మీద దించారు. "అమ్మా, ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇలా ముందుగా అడగలేదు. అందరూ మీదికొచ్చాకే పరుగెత్తుకొస్తారు" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు.

వెనక్కి వచ్చి, తిరుపతమ్మను కూర్చోబెట్టి, అన్నీ విడమర్చి చెప్పారు. కాళ్ళ వాపు చూశారు. ఏం తినాలో చెప్పారు. వానలు పట్టకముందే గిద్దలూరులో చుట్టాలింట్లో దింపమన్నారు. పెద్దమ్మ అడుగుతూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నారు. ఆ తర్వాత ఊరంతా వరస కట్టింది. అందరూ అడిగారు, అందరికీ జవాబొచ్చింది. నాకు సంతోషంతో ఒళ్ళు తెలియలేదు.

ఒళ్ళు తెలియలేదన్నాను కదూ? చివరగా తెలిసింది.

"ఇక నువ్వు" అన్నారు డాక్టరు గారు, కత్తి తీసి.

"సూదండీ?" అన్నాను.

"బేరం కుదిరింది కదయ్యా, ఒక్క వేలు. మాట తప్పే అలవాటు నాకు లేదు."

"గట్టిగా పట్టుకోండ్రా" అన్నాడు మామ. నా కేకకు పక్క పొలంలో మేస్తున్న మామ మందంతా చెదిరిపోయింది. వాటిని వెతికి తోలుకొచ్చేసరికి పొద్దు గూకిందట. బేరంలో మిగిల్చింది గొర్రెల వెనక నడకకు సరిపోయిందని మామ ఇప్పటికీ నా మీద గుర్రుగా ఉంటాడు.

వానలు పట్టకముందే తిరుపతమ్మ గిద్దలూరు చేరింది. ఆడపిల్ల పుట్టిన వారంలోనే మా వాగు ఒడ్లు మింగి పారింది. ఫీజు కట్టడానికి పెద్దమ్మతో పాటు చెన్నయ్య మామ కూడా పోయాడు, తువ్వాలు భుజాన వేసుకుని. ఈసారి డాక్టరు గారే నవ్వుతూ చెయ్యి చాపారట. మామ తువ్వాలు కప్పి తడిమి చూశాడు. వేళ్ళు లేవు. గుప్పిట ఉంది. మళ్ళీ తడిమాడు. మళ్ళీ గుప్పిటే.

"ఏమీ అక్కర్లేదంటాడు అల్లుడూ!" అని ఊరికొచ్చి నాతో చెబుతూ, అంతటి బేరగాడు అదే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

అందుకని ఇందుమూలంగా సమస్త జనులకూ ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను. డాక్టర్ను అడగమని చెప్పడం నేనెప్పటికీ మానను. కానీ మళ్ళీ నాకు గడ్డ లేస్తే, చెన్నయ్య మామ గిద్దలూరు సంతకు పోయిన రోజు చూసుకుని, మార్కాపురంలో చూపించుకుంటాను. సూదికి అడిగినంతా ఇస్తాను.