సర్పికి గ్రీకులో పేరు

ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చిలో ఆడవాళ్ళకు గ్రీకు క్లాసు ఉంటుందంటే ఎవరూ నమ్మరు. నిజంగా ఉంది. పాస్టరు అయ్యగారు చదువుకునే రోజుల్లో నేర్చుకున్న గ్రీకును కడుపులో దాచుకోలేక, వాక్యంలోని మాటలు బోర్డు మీద రాసి, ఏ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో చెబుతారు. సగం మంది పొయ్యి మీద కూర గుర్తొచ్చి జారుకుంటారు. నేను మాత్రం కదలను. ఇంటర్లో ఇంగ్లీషు తప్పి చదువు మానేసినదాన్నే గానీ, ఈ మాటలు మాత్రం పనసతొనల్లా నోట్లోకి జారిపోయేవి.

ఇంటికి రాగానే మా అత్తగారికి అప్పజెప్పేదాన్ని.

“అత్తయ్యగారూ, పాపం అనే మాటకి గ్రీకులో గురి తప్పడం అని అర్థమంటండీ. బాణం వేస్తే పక్కకి పోయినట్టు.”

“పొద్దున్న చేపల మీద వాలిన కాకిని రాయెట్టి కొట్టేను. తగల్లేదు. అదీ పాపమేనా?”

“కాకినడగాలండీ.”

“ఇంగ్లీషే దాటలేనిదానికి గ్రీకెందుకే? ముందు చారు పొంగుతోంది చూడు.”

ఆ వానాకాలం ఆవిడ నుదుటి మీద కుడివైపు మంట మొదలైంది. తెల్లారేసరికి నీటిపొక్కులు గుత్తులుగా లేచి కనుబొమ దాకా దిగాయి. రెప్ప వాచి కన్ను సగం మూసుకుపోయింది. అద్దంలో చూసుకుని ఆవిడే తేల్చేశారు.

“సర్పి. మా అమ్మకి నడుం చుట్టూ మొలతాడులా వచ్చింది. కుమ్మరాయన ఎర్రమట్టి రాస్తే తగ్గిపోయింది. ఆయన దగ్గరికే పోదాం, ఆటో పిలవండి.”

నేను మెడికల్ షాపుకి ఫోన్ చేశాను. కంటి దగ్గర అనగానే షాపాయన గొంతు మారిపోయింది.

“దాన్ని హెర్పిస్ జోస్టర్ అంటారమ్మా. కంట్లోకి దిగితే చూపు పోద్ది. ఇవాళే అమలాపురం కంటి డాక్టరు గారికి చూపించండి.”

అత్తగారు ససేమిరా అన్నారు. సర్పికి సూదిమందు పడితే విషం లోపలికి పోతుందని ఆవిడ భయం.

“డాక్టర్లకి సర్పి అంటే ఏం తెలుసే? వాళ్ళ చదువులో దానికి పేరే లేదు. పేరే తెలీని రోగానికి మందెలా ఇస్తారు?”

మా ఆయన ఆటో తెచ్చి గుమ్మంలో పెట్టాడు. “ఎటు పోనివ్వాలో మీరిద్దరూ తేల్చుకోండి” అని తప్పుకున్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. హెర్పిస్! బైబిల్లో ఆకాశం నుంచి జంతువులతో నిండిన దుప్పటి దిగిన దర్శనం గురించి చెప్పిన ఆదివారం, అందులోని పాకే జీవులకు అయ్యగారు బోర్డు మీద రాసిన మాట హెర్పెటా.

“అత్తయ్యగారూ, పేరు ఉందండీ! హెర్పిస్ అంటే పాకేది. గ్రీకువాళ్ళు పాముని కూడా ఆ మాటతోనే పిలిచేవారంట.”

“నన్ను బండెక్కించడానికి అల్లుతున్నావా?”

“ఒట్టండీ! ఉండండి.” అయ్యగారికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. “వందనాలండీ. జోస్టర్ అంటే ఏంటండీ?”

“నడికట్టమ్మా, నడుముకి చుట్టుకునే దట్టీ. జోన్ అనే మాట కూడా దాని చుట్టమే. కరోనాలో మన వీధికి కర్రలు కట్టి రెడ్ జోన్ అన్నారే, అదే. ఇప్పుడెందుకొచ్చింది?”

సంగతి చెప్పాను. అత్తగారు ఫోన్ మీదకి వంగారు.

“అయ్యగారండీ, వాళ్ళకీ నడుం చుట్టూనే వచ్చేదాండీ?”

“ఆయ్. వచ్చేది గనకే ఆ పేరు. ప్రభువు పుట్టకముందు నుంచీ ఉన్న మాటలమ్మా ఇవి. డాక్టర్లు ఇప్పటికీ అవే వాడుతున్నారు.”

పాము, నడికట్టు. మా అత్తగారు వాళ్ళమ్మ నడుం చూసి ఏమనుకున్నారో, సముద్రాల అవతల ఎవరో తమ అమ్మ నడుం చూసి అదే అనుకున్నారు.

“అయితే మన సర్పినే చూసేరన్నమాట. మరి ముందే చెప్పవేం?” అంటూ లేచారు. “చీర మార్చుకోనీ. ఈ చీరతో అమలాపురం రాను.”

డాక్టరు గారి ముందు కూర్చోగానే ఆవిడే ముందు అడిగారు. “దీన్నేమంటారండీ?”

“హెర్పిస్ జోస్టరమ్మా.”

తెరుచుకున్న ఒక్క కన్నుతో నావైపు ఒక చూపు చూశారు. ఆ చూపు ముందు ఇంటరు పాసవడం ఏపాటి?

మిషన్ లోంచి చూసి డాక్టరు గారు, “నల్లగుడ్డు మీదకి ఇంకా రాలేదు. మంచి సమయానికి తెచ్చేరు” అన్నారు. నాకు అక్కడే ఎగిరి గంతెయ్యాలనిపించింది. హాల్లో జనం ఉన్నారని ఆగాను.

ఆయనిచ్చిన మందులకి పొక్కులు మాడి, వాపు దిగి, చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళిన రోజు ఎడమకన్ను మూయించి గోడకున్న అట్ట మీద అక్షరాలు చదవమన్నారు. అత్తగారు ప్రార్థన చదివినట్టు గొంతెత్తి పై వరస నుంచి మొదలుపెట్టారు. చిట్టచివరి వరస కూడా తడబడకుండా అయిపోయింది. బయట బెంచీ మీదవాళ్ళు తొంగి చూస్తున్నారు. డాక్టరు గారు చాలన్నారు.

“ఉండండి బాబూ” అన్నారావిడ. “అడుగున చీమతలంత అక్షరాల్లో ఈ అట్ట అచ్చేసినవాళ్ళ ఊరు కూడా ఉంది. అదీ చదివేస్తాను.”